ముక్కమ్మ మాట వెనక్కి తీసుకున్న రోజు

విమానాలకు నూనె సరఫరా చేసే ఆ యార్డులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. గేటు దగ్గర కూర్చునే మీసాలాయన మొదలుకొని మేస్త్రీ దాకా అందరికీ ఆమె ముక్కమ్మే. మొదట్లో ఆ పిలుపు వింటే ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. "దేవుడు నాకు కళ్ళూ చెవులూ కూడా ఇచ్చాడు, వాటి పేరు పెట్టి పిలవొచ్చుగా" అనేది. పోనుపోను ఆ పేరే ఆమెకు ఉద్యోగమూ అయింది, గౌరవమూ అయింది.

పద్నాలుగేళ్ళ క్రితం ఆమె ఆ యార్డు ఊడ్చే పనిలో ఉండేది. ఒక మధ్యాహ్నం ఊడుస్తున్నదల్లా ఆగిపోయి, చీపురు గోడకానించి, "అయ్యా, మూడో పంపు దగ్గర నూనె కారుతోంది" అంది. మేస్త్రీ వెళ్ళి చూశాడు. ఎండిన నేల తప్ప ఏమీ కనపడలేదు. "చూస్తే కాదయ్యా, వాసనొస్తోంది" అంది. పదడుగుల దూరంలో వెల్డింగువాళ్ళు అప్పటికే అద్దాలు మొహం మీదికి దించుకున్నారు. ఊడ్చే మనిషి మాటకు పని ఆపితే నలుగురూ నవ్వుతారని మేస్త్రీకి తెలుసు. అయినా ఆపించాడు. మట్టి తవ్వి చూస్తే గొట్టం అడుగున వెంట్రుకంత పగులు, దాని చుట్టూ తడిసి నల్లబడ్డ మన్ను. ఆ సాయంత్రం మేస్త్రీ తన అన్నం డబ్బా ఆమె ముందు పెట్టి, "ఇవాళ నువ్వు తిన్నాకే నేను తింటాను చెల్లెమ్మా" అన్నాడట. ఆ మర్నాటి నుంచి ఆమెకు చీపురు పోయి లైను చూసే పని వచ్చింది.

లైను చూడడమంటే యార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న నలభై ఒక్క జాయింట్ల దగ్గరా ఆగడం. ఒక్కొక్క దాని దగ్గరా వంగి, కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికి తీసి, లేచి ముందుకు నడవడం. చివరి జాయింటు దాటాక ఆమె ఒకే మాట అనేది: "శుభ్రం." ఆ మాట పడ్డాకనే మేస్త్రీ చెవి మీది పెన్ను తీసి సంతకం చేసేవాడు. ఒత్తిడి చూసే ముళ్ళ పరికరాలూ, కాగితాల మీది లెక్కలూ ఉండనే ఉన్నాయి. కానీ ఆ పరికరాలు కూడా ముక్కమ్మ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుండేది ఆ యార్డు.

ఆమె ముక్కును అందరూ కలిసి కాపాడుకునేవారు. మీసాలాయన మీసాలకు రాసే వాసన నూనె మానేశాడు. మేస్త్రీ తన కూతురి పెళ్ళినాడు కూడా సెంటు కొట్టుకోలేదు, మర్నాడు డ్యూటీ ఉందని. ఆమెకు జలుబు చేస్తే యార్డంతటికీ జలుబు చేసినట్టే. ఒకరు వేడినీళ్ళు తెచ్చేవారు, ఇంకొకరు ఆవిరి పట్టుకోవడానికి దుప్పటి. ఇవన్నీ ఎవరూ చెప్పి చేసినవి కావు. మనుషులు మంచివాళ్ళు, అంతే. కాకపోతే ఆ మంచితనం వెనకాల నమ్మకం మరీ పెద్దదైపోయి కూర్చుంది. అది అప్పటికి ఎవరికీ తట్టలేదు.

మేస్త్రీకి ఇంకో నమ్మకం కూడా ఉండేది. "కారని దాన్ని కదపకు" అనేవాడు. ఏ జాయింటైనా ఏళ్ళ తరబడి కారకుండా ఉంటే, లోపలున్న రబ్బరు రింగు అక్కడ సర్దుకుని కూర్చుందన్నమాట; దాన్ని విప్పి కొత్తది వేస్తే లేని రోగం తెచ్చుకున్నట్టే. ఆయన చేతికింద పని నేర్చుకున్న వాళ్ళందరికీ అది గాయత్రి లాంటిది.

అలాంటి యార్డుకు కొత్త నూనె వచ్చింది.

భూమిలోంచి తీసింది కాదట. వాడేసిన వంటనూనెల నుంచీ, గింజల నుంచీ చేసిందట. విమానానికి పోస్తే పొగ తక్కువట. దాన్ని వెంటబెట్టుకుని ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మనిషి పొట్టి, పైగా వయసు ముప్పై కూడా ఉండదు. వచ్చిన రోజే అందరినీ చెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పింది: "ఇది పాత నూనెకన్నా మంచిదని అందరూ అంటారు. గాలికి మంచిదే. నిప్పుకు మాత్రం దీనికీ దానికీ తేడా లేదు. నిప్పు తగిలితే ఇదీ మండుతుంది, అదీ మండుతుంది. పాతదాన్ని చూసి ఎంత భయపడ్డారో దీన్ని చూసీ అంతే భయపడండి." ఆ తర్వాత చిన్న గాజుసీసాలో కొత్త నూనె పోసి అందరినీ చూడమని ఇచ్చింది. నీళ్ళంత తేటగా ఉంది.

సీసా ముందుగా ముక్కమ్మ దగ్గరికే వచ్చింది. ఆమె వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏమీ లేదు! ఖాళీ సీసాను ముక్కు కింద పెట్టుకున్నట్టే ఉంది. 'యాభై రెండేళ్ళొచ్చాయి, ముక్కు పోయింది కాబోలు' అనుకుంది. అందరూ తననే చూస్తున్నారు. "కొంచెం... మైనం వాసన" అంది.

మేస్త్రీ తీసుకుని వాసన చూశాడు. "అవునవును, మైనమే." మీసాలాయన చూశాడు. "కొవ్వొత్తి ఆర్పినప్పుడు వస్తుందే, అదే" అన్నాడు. సీసా చుట్టూ తిరిగి వచ్చేసరికి పదకొండు మంది మైనం వాసన పట్టారు.

ఆ రోజు నుంచి ముక్కమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జ్వరం పడి లేచిన అత్తగారికి తల దువ్వుతూ ఆ కొబ్బరినూనె వాసన చూసుకునేది, తెలిసేది. సబ్బు వాసన తెలిసేది. తడిసిన మట్టి వాసన తెలిసేది. కొత్త నూనెది మాత్రం తెలియదు. 'ఒక్కటే తెలియడం లేదంటే, అక్కడి నుంచే మొదలవుతుందేమో' అని భయం. ముక్కు పోయిన ముక్కమ్మను ఎవరుంచుకుంటారు? చీపురు మళ్ళీ చేతికొచ్చినా ఫర్వాలేదు, చీపురేం తక్కువ పని కాదు. కానీ పద్నాలుగేళ్ళుగా తన మాట మీద నలభై మంది నిశ్చింతగా పని చేసుకుంటున్నారు. ఆ మాటకు విలువ లేకపోతే తనేమిటి?

కొత్త నూనె కోసం పాత లైనొకటి కడిగి సిద్ధం చేశారు. ఇంజనీరమ్మ మేస్త్రీకి జాబితా రాసిచ్చింది: ఫలానా జాయింట్లలో పాత రబ్బరు రింగులు తీసేసి, తను తెచ్చిన కొత్తవి వేయాలని. పెద్ద పంపు నడిపే రోజు గురువారం. సాయంత్రం ఐదింటికి పెద్దవాళ్ళు నలుగురు వస్తారు, మీట నొక్కుతారు, కొత్త నూనె పూర్తి ఒత్తిడితో లైనులోంచి వెళ్ళి పాత నూనెలో కలుస్తుంది. మర్నాడు విమానానికి పోస్తారు.

గురువారం పొద్దున యార్డంతా కడిగారు. కొత్త నూనెను చిన్న పంపుతో లైనులో నింపి అప్పటికే ఐదు రోజులైంది. ముక్కమ్మ ఎప్పటిలాగే నడిచింది. పెద్ద పంపు పక్కనున్న జాయింటు ఇరుకులో ఉంటుంది, దాని కింద వాసన చూడాలంటే మోకాలు నేలకానించాలి. ఆనించింది. తడి తగిలింది. కడిగిన నీళ్ళే అనుకుంది. కళ్ళు మూసుకుని ఊపిరి తీసింది. ఏ వాసనా లేదు. చివరికి వచ్చాక మేస్త్రీ పెన్ను తీసి ఎదురుచూస్తున్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత, "శుభ్రం" అంది.

ఆ ఆగడం మేస్త్రీ గమనించలేదు. దేవుడు గమనించాడని ఆమె తర్వాత అనుకుంది.

రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. ఇంటి ముందు గదిలోనే భర్త ఇస్త్రీ కొట్టు. ఆయన మాట తక్కువ మనిషి. ఇన్నేళ్ళుగా ఆయనకు ఒక అలవాటు: ఆమె విప్పిన డ్యూటీ కోటు ముందు వాసన చూస్తాడు. నూనె వాసనొస్తే ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వడు, ఎండలో ఆరేసి, ఆ తర్వాత ఉతికి పెడతాడు. రాకపోతే నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసి పెడతాడు.

లోపలి గదిలో ఆమె అత్తగారికి జావ తాగిస్తోంది. ముసలావిడ చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. "చూడవే, జ్వరం ఎంత పని చేసిందో. నెల కింద సబ్బు రాసినా ఊడిరాని గాజులు" అంది అత్తగారు.

"ఒళ్ళు మళ్ళీ చేస్తే అవే నిలబడతాయి అత్తమ్మా. ముందు ఇది తాగు."

"నువ్వు మాత్రం తిన్నావా? వారం నుంచీ చూస్తున్నా, నీ మొహం ఎండిపోయి ఉంది. నాకు జ్వరమొస్తే నీకు నీరసమొచ్చిందేంటే?"

సమాధానం చెప్పేలోపు ముందు గదిలోంచి భర్త పిలిచాడు. "ఏమే, ఇలా రా."

ఆ గొంతులో ఏదో ఉంది. గిన్నె కింద పెట్టి వెళ్ళింది. ఆయన ఇస్త్రీపెట్టెను ఒక చేత్తో వీలైనంత దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఆమె కోటు పరిచి ఉంది.

"వాసన చూశా, ఏమీ లేదు. నీళ్ళు చల్లా. ఇటు చూడు."

కోటంతా నీళ్ళు ఇంకి ముదురు రంగుకు తిరిగింది. కింది అంచున, మోకాలి దగ్గరికి వచ్చే చోట, అరచేతంత మేర మాత్రం నీళ్ళు ఇంకలేదు. చుక్కలు చుక్కలుగా, తామరాకు మీద నిలిచినట్టు నిలిచి, బల్ల వంపుకి దొర్లిపోతున్నాయి.

"పొద్దున తడిసింది. కడిగిన నీళ్ళే" అంది ఆమె, తనకే నమ్మకం లేని గొంతుతో.

"నీళ్ళయితే ఈపాటికి ఆరాలి కదే. ఇది నూనె. వాసన లేని నూనె." ఆయన ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి వాకిలి బయట రాతి మీద పెట్టాడు. "ఇంకొక్క క్షణమైతే దీన్ని దాని మీద పెట్టేవాణ్ణి."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. మోకాలు ఆనించింది ఒక్కచోటే. పెద్ద పంపు పక్కన. ఐదింటికి ఆ పంపు పూర్తి ఒత్తిడితో లేస్తుంది. కారేది చుక్కలుగా కారదు, సన్నటి తుంపరై చిమ్ముతుంది. పక్కనే వేడెక్కే మోటారు. దాని ముందు మీట నొక్కడానికి మనుషులు.

గోడ గడియారం నాలుగు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.

ఫోను చేసింది. మేస్త్రీ ఫోను మోగింది, ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు? యార్డులోకి ఫోను తీసుకెళ్ళకూడదు, బయట అలమారలో పెట్టి తాళం వేస్తారు. గేటు ఫోను మోగి మోగి ఆగిపోయింది. "సైకిలు తియ్యండి" అంది.

ఆమె కోటు మడిచి చంకన పెట్టుకునేసరికి భర్త తీసేశాడు. లోపలి నుంచి అత్తగారు, "వెళ్ళవే, నా జావ నేను తాగగలను. గాజులు జారినంత మాత్రాన చెయ్యి పడిపోలేదు" అని కేకేసింది.

వెనక కూర్చుని దారి పొడుగునా ఆమె ఒకటే ఆలోచించింది. కోటు చూపించి, ఇంటికెళ్ళాక కనపడిందని చెబితే సరిపోతుంది. ముక్కు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అబద్ధం కూడా కాదు. కానీ అప్పుడు రేపు పొద్దున మళ్ళీ ఆ నలభై ఒక్క జాయింట్ల దగ్గర వంగి, ఏమీ తెలియకుండానే లేచి, 'శుభ్రం' అనాలి. ఎల్లుండి కూడా. ఎత్తు దగ్గర భర్త దిగి సైకిలు నెట్టాడు, ఆమె పక్కనే పరిగెత్తింది.

గేటు దగ్గర మీసాలాయన ఉతికిన యూనిఫాంలో మెరిసిపోతున్నాడు. "అదేంటి ముక్కమ్మా, బావగారిని కూడా సంబరానికి తీసుకొచ్చావా?"

"పంపు వేశారా?"

"ఇంకా లేదు, పెద్దాయన మాట్లాడుతున్నారు. ఆయన మొదలుపెడితే..."

మిగతాది ఆమె వినలేదు. పంపు ముందు రంగు రిబ్బను కట్టి ఉంది. మేస్త్రీ ఒక పక్క, ఇంజనీరమ్మ ఒక పక్క. ఆమె జనంలోంచి దూసుకుంటూ ముందుకొచ్చి, రొప్పుతూనే, "అన్నయ్యా, పొద్దున నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. పంపు వెయ్యొద్దు" అంది.

మాట్లాడుతున్న పెద్దాయన ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో, "ముక్కు రిటైరైందా ఏంటి?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అయిందనే అనుకోండి" అంది ఆమె, అటు తిరిగి. "ఈ కొత్త నూనె వచ్చిన రోజు నుంచీ నాకు దాని వాసన తెలియడం లేదు. మైనం వాసనని అబద్ధం చెప్పాను. చెబితే తీసేస్తారని భయపడ్డా. తెలియకుండానే ఈ ఐదు రోజులూ శుభ్రం శుభ్రం అన్నా. ఇదిగో, ఇది పొద్దున ఈ పంపు పక్కన అంటుకుంది." చంకలోని కోటు మడత విప్పి చూపింది.

ఇంజనీరమ్మ ముందుకొచ్చి కోటు అందుకుంది. మరక మీద బొటనవేలు రాసింది, చూపుడువేలితో జారుడు చూసింది. తిరిగి పెద్దాయనతో, "సార్, ఇవాళ కాదు" అంది. అంతే. ఆయన కూడా పెద్దమనిషే. రిబ్బను తానే విప్పి, మడిచి, మేస్త్రీ చేతిలో పెట్టి వెళ్ళాడు.

జనం వెళ్ళాక మీసాలాయన తల గోక్కున్నాడు. "అయితే మైనం వాసన..."

"అసలు దానికి వాసనే లేదు" అంది ఇంజనీరమ్మ. "ల్యాబులో ఎవరికీ తెలియదు. మీ అందరికీ తెలిసిందంటే ఈ యార్డులో ముక్కులు అంత గొప్పవేమో అనుకున్నాను. అమ్మా, మీ ముక్కుకు ఏమీ కాలేదు."

"మరి మీసాలాయన కొవ్వొత్తి ఆర్పిన వాసనన్నాడే!" అన్నారెవరో.

"ముక్కమ్మకు తెలిసింది నాకు తెలియలేదంటే పరువేం కాను?" అన్నాడు ఆయన. అప్పుడు నవ్వారు అందరూ. ముక్కమ్మ కూడా నవ్వింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. ఏడు రాత్రుల బరువు ఆ నవ్వులో దిగింది.

లైనులో ఒత్తిడి దించి, నూనె ఖాళీ చేసి, పానా పట్టి జాయింటు విప్పారు. లోపలి నుంచి వచ్చింది నల్లటి పాత రింగు. గట్టిపడి, సన్నబడి, కూర్చునే గాడిలో వదులుగా ఆడుతోంది. ఇంజనీరమ్మ దాన్నీ, తన జాబితానీ మార్చి మార్చి చూసింది. అడగలేదు. అడగకపోవడమే మేస్త్రీకి తట్టుకోలేనిదైంది.

"నేనే మార్చలేదమ్మా" అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఒక్క చుక్క కారని జాయింటు. కారని దాన్ని కదపకు అని నేనే అందరికీ నేర్పాను. ఇలాంటివి ఇంకో ఆరు వదిలేశా. కాగితంలో మాత్రం మార్చినట్టు రాశా."

"రాయడం తప్పు మేస్త్రీగారూ. అది మీకు తెలుసు" అంది ఇంజనీరమ్మ నెమ్మదిగా. "మిగతాది మీకు నేను సరిగ్గా చెప్పని తప్పు. జాబితా ఇచ్చాను గానీ ఎందుకో చెప్పలేదు. పాత నూనెలో రబ్బరును ఉబ్బించే ఘాటైన సరుకొకటి ఉంటుంది. ఇన్నేళ్ళూ అది తాగి ఈ రింగులు లావెక్కి గాడిలో బిగుసుకున్నాయి. ఈ కొత్త నూనెలో అది లేదు. తాగింది కక్కేసి, చిక్కిపోయాయి."

"మా అత్తమ్మ చేతిలాగా" అంది ముక్కమ్మ. అందరూ అటు చూశారు. "జ్వరంతో చెయ్యి చిక్కింది, గాజులు జారిపోతున్నాయి. నెల కింద బిగుతుగా ఉన్నాయి కదాని ఇప్పుడు నిలుస్తాయా?"

ఇంజనీరమ్మ ఆమె వైపు తేరిపార చూసింది. "రేపటి పాఠం మీరే చెప్పండమ్మా" అంది.

ఆ వారం రింగులన్నీ మార్చారు. మేస్త్రీ ఒక్కొక్క దాన్నీ తన చేత్తోనే విప్పాడు. కాగితాలు కూడా తనే కొట్టేసి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టి పైవాళ్ళకు పంపాడు. వాళ్ళు ఆయనకు గట్టిగా ఒక ఉత్తరం రాశారు. దాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు, దాచలేదు.

ముక్కమ్మ భర్త పాత తెల్ల దుప్పటి ఒకటి చింపి, నలభై ఒక్క పట్టీలు కుట్టాడు. ప్రతి జాయింటుకూ ఒకటి కట్టారు. తెల్లగుడ్డకు నూనె అంటితే ఆ చోటు మసకబారి కనపడుతుంది, వాసన ఉన్నా లేకపోయినా. పాత నూనె లైన్ల దగ్గర ఆమె ఇప్పటికీ వంగి కళ్ళు మూసుకుంటుంది. కొత్త లైను దగ్గర కళ్ళు తెరిచి, పట్టీని వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది.

మళ్ళీ గురువారం వచ్చింది. ఈసారి రిబ్బను లేదు. చివరి జాయింటు దాటాక మేస్త్రీ పెన్ను తీశాడు.

"ఆగండి అన్నయ్యా. ఆ పంపు పక్కది మీరూ చూడండి."

"నువ్వు చూశావు కదా?"

"చూశాను. ఇద్దరం చూద్దాం."

మేస్త్రీ మూలుగుతూ మోకాలు నేలకానించాడు. "నా మోకాలికి కూడా ఒక రింగు మార్చించాలి చెల్లెమ్మా" అన్నాడు. పట్టీ నలిపి చూశాడు. పొడిగా ఉంది. ఆమె చెయ్యి అందిస్తే లేచి, ఆమె వైపు చూశాడు. ఇద్దరూ ఒకేసారి అన్నారు ఆ మాట. ఇంజనీరమ్మ మీట నొక్కింది. పంపు లేచింది. ముక్కమ్మ అక్కడే పావుగంట నిలబడి ఆ తెల్ల పట్టీని చూస్తూనే ఉంది. అది తెల్లగానే ఉండిపోయింది.

మర్నాడు ఆమె ఇంటికొచ్చేసరికి విమానమొకటి ఇళ్ళ మీదుగా వెళ్ళింది. కొత్త నూనె పోసింది అదేనో కాదో తెలియదు. అత్తగారు వాకిట్లో కూర్చుని, ఎండకు చెయ్యెత్తి అడ్డం పెట్టుకుని చూసింది. గాజులు మణికట్టు దగ్గరే ఆగాయి. ముందు గదిలో భర్త కోటు బల్ల మీద పరిచాడు. వాసన చూడలేదు. నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ముట్టకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు అంతటా నెమ్మదిగా గుడ్డలోకి ఇంకిపోయాయి. అప్పుడు తీశాడు ఇస్త్రీపెట్టె.